వెయ్యి బీడీలు, 190 మస్టర్లు

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు ఊళ్లలో పొద్దెక్కాక ఏ అరుగు మీద చూసినా ఒళ్లో చాట పెట్టుకున్న ఆడవాళ్లే. రాత్రి తడిపి బట్టలో చుట్టి పెట్టిన తునికాకు, కత్తెర, తంబాకు, దారం అన్నీ చేతికందేంత దూరంలో ఉంటాయి. ఆకు కత్తిరించి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టడానికి చెయ్యి తిరిగిన మనిషికి అర నిమిషం చాలు. పని ఎంతవరకు వచ్చిందని అడిగితే ఎవరూ గంటల్లో చెప్పరు. "ఆరు నూర్లయినయ్, ఇంక నాలుగు నూర్లు" అంటారు.

ఆ వెయ్యి లెక్క పుట్టింది కూలి రేటులోంచే. కనీస వేతనాల ఉత్తర్వులోనైనా కార్ఖానా పద్దులోనైనా వెయ్యి బీడీలకు ఇంత అనే రాస్తారు. ఆకు, తంబాకు ఇచ్చేదీ ఆ లెక్కనే. రోజుకు వెయ్యి చుట్టి తీరాలని ఎవరూ హుకుం జారీ చేయలేదు. కూలిని కొలిచే కొలతే మనసులో లక్ష్యమై కూర్చుంది. డబ్బు మనిషిని నేరుగా కదిలించదని, అతను తనకు తాను పెట్టుకునే లక్ష్యాన్ని మార్చి దాని ద్వారా కదిలిస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ 1968లోనే వాదించాడు.

పాత ఆదిలాబాద్ జిల్లా బొగ్గు గనుల్లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. బెల్లంపల్లి, మందమర్రి గనుల్లో ఒకప్పుడు ఫిల్లర్లు తట్టలతో బొగ్గెత్తి టబ్బులు నింపేవారు. వాళ్లది పీస్ రేటు, అందుకే షిఫ్టుకు ఎన్ని టబ్బులన్నదే ధ్యాస. యంత్రాలు దిగి ఆ పని తగ్గిపోయాక, రోజు లెక్కన జీతం తీసుకునే కార్మికుడి నోట టబ్బుల బదులు మస్టర్లు, అంటే హాజర్లు, వినిపించాయి. 1952 నాటి గనుల చట్టం ప్రకారం ఏడాదికి జీతంతో కూడిన సెలవు దక్కాలంటే భూగర్భంలో పనిచేసేవాళ్లకు 190 హాజర్లు, ఉపరితలంలో 240 హాజర్లు ఉండాల్సి వచ్చేది. బొగ్గు అదే, మనిషి అదే. జీతం కట్టే పద్ధతి మారేసరికి అతను మనసులో వేసుకునే లెక్క మారిపోయింది.

మరి లక్ష్యం ఎంత ఎత్తున పెట్టుకోవాలి? ఇక్కడే మనిషికి తన మీద ఉన్న నమ్మకం పనిలోకి దిగుతుంది. 1981లో పరిశోధకుడు జాన్ మోవెన్, అతని సహచరులు ప్రయోగశాలలో రెండు రకాల చెల్లింపులను పోల్చి చూశారు. వస్తువుకు ఇంత అని ఇచ్చినప్పుడు కఠినమైన లక్ష్యం ఉన్నవాళ్లే ఎక్కువ పని చేశారు. లక్ష్యం చేరితేనే బోనస్ అన్నప్పుడు మాత్రం మధ్యస్థ లక్ష్యం దగ్గరే పని బాగా సాగింది. కారణం తేలికే. పీస్ రేటులో తొమ్మిది నూర్లు చుట్టిన మనిషికి ఆ తొమ్మిది నూర్ల కూలి దక్కుతుంది. బోనస్ పద్ధతిలో గీతకు ఒక్క అడుగు ఇవతల ఆగినా చేతికి వచ్చేది సున్నా. అందనంత ఎత్తున గీత గీస్తే మనిషి లోలోపలే చేతులెత్తేస్తాడు. థామస్ లీ, లాక్, సూ ఫాన్ 1997లో ఈ మలుపును దగ్గర నుంచి పరిశీలించారు. బోనస్ ఆశ చూపి అసాధ్యమైన లక్ష్యం ఇచ్చినప్పుడు ముందు పడిపోయేవి సొంత లక్ష్యం, "నావల్ల అవుతుంది" అన్న ధీమా. పని తగ్గేది వాటి వెనకే. టార్గెట్ల పిచ్చి పట్టిన మేనేజర్లు తీరిగ్గా చదవాల్సిన పరిశోధన ఇది.

అలాగని మనుషులు గీతలంటేనే భయపడతారనుకోవద్దు. మైసూరులో డేటా ఎంట్రీ ఉద్యోగులపై చేసిన అధ్యయనం (2015లో అచ్చయింది) ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆర్థికవేత్తలు సుప్రీత్ కౌర్, మైకేల్ క్రెమర్, సెంథిల్ ముల్లైనాథన్ ఆ ఉద్యోగులకు ఒక వింత బేరం పెట్టారు. కావాలంటే రోజు లక్ష్యం మీరే పెట్టుకోండి, చేరితే మామూలు రేటు, చేరకపోతే సగమే. అదనంగా పైసా రాదు, నష్టం మాత్రం రావచ్చు. అయినా మూడోవంతుకు పైగా సార్లు వాళ్లు లక్ష్యం పెట్టుకోవడానికే మొగ్గారు. బద్ధకానికి కళ్లెం వేసుకోవడమన్నమాట.

తన మీద తనకున్న అంచనాకు తగ్గట్టే మనిషి పనిలో నడుచుకుంటాడని 1970లో మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం కోర్మన్ ప్రతిపాదించాడు. బీడీ కార్ఖానాకు ఈ మాట గట్టిగానే తగులుతుంది. వెయ్యి లెక్కపెట్టి తీసుకెళ్తే, బాగా లేవంటూ అక్కడ కొన్ని తీసి పక్కన పడేస్తారు. ఆకు తక్కువ పడితే సొంత డబ్బుతో కొనాలి. నెలలో కొన్ని రోజులు పనే ఉండదు. తన లక్ష్యం తన చేతిలో లేదని ఇన్నిసార్లు చెప్పించుకున్న మనిషి రేపటి లెక్కను తగ్గించుకుంటే దాన్ని సోమరితనం అనడం అన్యాయం.

రేటు పెంచకుండానే పని మెరుగుపడిన ఉదాహరణ ఒకటి మన పొరుగునే ఉంది. ఒడిశాలో పీస్ రేటు మీద విస్తరాకులు కుట్టే పేద కూలీలలో కొందరికి, కౌర్ బృందం కూలిలో కొంత భాగాన్ని గడువుకు ముందే చేతిలో పెట్టింది. అప్పుల బెంగ కాస్త తీరిన వాళ్ల ఉత్పత్తి సుమారు 7 శాతం పెరిగింది, పరధ్యానం వల్ల వచ్చే పొరపాట్లు తగ్గాయి. కార్ఖానాలో పొరపాటు పడిన బీడీకి కూలి లేదు గనుక, ఈ ప్రయోగాన్ని కోరుట్లలోనో మెట్‌పల్లిలోనో ఒకసారి చేసి చూడవచ్చు.