నడిసముద్రంలో మంచినీళ్ళు

చుట్టూ సముద్రం వుండగా నావలో వున్నవాడికి నీళ్ళకేం కొదవ అంటారా? ఉప్పునీళ్ళు తాగితే దాహం రెట్టింపవుతుంది. ఆ ఉప్పును బయటికి పంపడానికి, తాగిన నీళ్ళకంటె యెక్కువే ఒంటిలోనుంచి ఖర్చవుతాయి. అందుకే తెరచాప నావలో అన్నిటికన్న విలువైన సరుకు మంచినీళ్ళు.

2017 సెప్టెంబరు 10న గోవానుంచి మన నౌకాదళపు మహిళలు ఆరుగురు ‘తారిణి’ అనే తెరచాప నావలో భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి వున్నారు. 2018 మే 21న క్షేమంగా గోవా చేరారు. దారిలో న్యూజీలాండు విడిచాక ఫాక్‌లాండు దీవులు చేరేదాకా, సుమారు 40 రోజులు, రేవన్నది లేదు. మనిషికి రోజుకు 3 లీటర్లే అనుకున్నా ఆరుగురికి 720 లీటర్లు! ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు ఈనాడు వున్నమాట నిజమే. కాని యంత్రం మొరాయిస్తే దిక్కు, ట్యాంకులో వున్న నీళ్ళే.

ఆ ట్యాంకు ప్రాణమంతా ఒక సన్నని గొట్టంలో వుంది. అది గాలిగొట్టం. సాగరు ఎడమకాలువ నీళ్ళతో పొలాలు పండే మా త్రిపురారంలో సముద్రం సంగతి యెవరికీ పట్టదుగాని, యీ గొట్టం రహస్యం మాత్రం దుకాణాల్లో అందరికీ తెలుసు. నూనెడబ్బాకు ఒక చిల్లు పొడిస్తే నూనె గుటక గుటకగా పడుతుంది. యెదురుగా రెండో చిల్లు పొడిస్తే ధారకడుతుంది. గాలి లోపలికి పోతేనే నూనె బయటికి వస్తుంది.

నావలోనూ అంతే. నీళ్ళు నింపేటప్పుడు లోపలి గాలి బయటికి పోవాలి. దారి మూసుకుపోతే ట్యాంకు ఉబ్బి, అతుకులు విచ్చుకుంటాయి. పంపుతో నీళ్ళు తోడేటప్పుడు గాలి లోపలికి రావాలి. రాకపోతే ధార సన్నగిల్లి ఆగిపోతుంది. పలచని ట్యాంకయితే లోపలికి నొక్కుకుపోతుంది.

అయితే ఇంటిమీది ట్యాంకుకు లేని చిక్కు నావకు వుంది. గాలివాటుకు నావ ఒక పక్కకు ఒరుగుతుంది. గాలిగొట్టం మూతి నావ వెలుపలి పక్కన వుంటే, ఆ పక్క అలల్లో మునిగినప్పుడు సముద్రం అందులోనుంచే మంచినీళ్ళలోకి దూరుతుంది. అందుకని తెలిసినవారు ఆ గొట్టాన్ని నావ లోపలే వీలైనంత యెత్తుకు తీసుకుపోయి, మూతి కిందికి వంచి, పురుగు దూరకుండా సన్నని జల్లెడ కడతారు.

నీళ్ళనంతా ఒకే ట్యాంకులో పోయరు. రెండుమూడు ట్యాంకుల్లో పంచి, ఒక్కొక్కదానికి వేరే గాలిగొట్టం, వేరే వాల్వు పెడతారు. వాల్వులు మూసివుంచితే, నావ ఒరిగినప్పుడు ఒకదాని నీళ్ళు మరొకదానిలోకి పోవు. ఒకటి ఉప్పుబారినా రెండవది దక్కుతుంది. కరెంటుపంపు చెడినా గొంతు తడుపుకోవడానికి కాలితో తొక్కే పంపు కూడా ఒకటి వుంచుకుంటారు. దానితో మరొక మేలు: కాలికి పని తగిలేసరికి నీళ్ళు వృథా చేసే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

రేవు విడిచేముందు తెరచాపలను అందరూ చూస్తారు. వేలెడు లావులేని ఆ గాలిగొట్టాన్ని కూడా ఒకసారి చూసుకున్నవాడే నలభైయవ రోజున నిశ్చింతగా మంచినీళ్ళు తాగుతాడు.