తాతయ్య బెల్‌బాటం ప్యాంటు

పిల్లలూ, ఈ పాఠంలో 1970ల నాటి బట్టల గురించి చదువుదాం. మీ ఇంట్లో ఆ కాలం ఫొటోలు ఉంటే పక్కన పెట్టుకోండి. లేకపోతే ఊళ్ళో ఉన్న తాతయ్యనో అమ్మమ్మనో అడిగి వాట్సాప్‌లో తెప్పించుకోండి. పాఠం చివర వాటితో పని ఉంది.

ఆ ఫొటోలు చూడగానే మొదట వచ్చేది నవ్వే. తాతయ్య ప్యాంటు మోకాలి దాకా ఒంటికి అతుక్కుని ఉంటుంది. అక్కడి నుంచి కిందికి గంటలా విచ్చుకుంటుంది. చొక్కా కాలర్ కుక్క చెవుల్లా రెండు వైపులా వాలి ఉంటుంది. చొక్కా నిండా అరచేయంత పువ్వులు! చెవులు కప్పేసే జుట్టు. పక్కన అమ్మమ్మ తల మీద జానెడు ఎత్తు ముడి. నవ్వండి, తప్పేం లేదు. నవ్వాక "ఎందుకలా వేసుకునేవారు?" అని కూడా అడగండి. దానికి మంచి జవాబులే ఉన్నాయి.

ఆ ప్యాంటు ఎక్కడి నుంచి వచ్చింది?

బెల్ అంటే గంట, బాటం అంటే అడుగు భాగం. అడుగున గంటలా ఉండే ప్యాంటు కాబట్టి బెల్‌బాటం. దీన్ని మొదట వేసుకున్నది సినిమా హీరోలు కాదు, ఓడల మీద పనిచేసే నావికులు. ఓడ పైభాగం నీళ్ళు పోసి కడిగేటప్పుడు ప్యాంటు మోకాలి పైకి మడుచుకోవాలి. అడుగు వెడల్పుగా ఉంటే మడవడం తేలిక. 1960లలో అమెరికా కుర్రకారు నావికా దళం అమ్మేసిన పాత ప్యాంట్లు చవగ్గా కొనుక్కుని వేసుకోవడం మొదలుపెట్టారు. అలా అది ఫ్యాషన్ అయింది.

మన దగ్గర అంతకుముందు ఉన్నవి గొట్టం ప్యాంట్లు. గొట్టంలా సన్నగా ఉండేవి కాబట్టి ఆ పేరు. అన్నయ్యలు గొట్టం ప్యాంట్లు వేసుకుంటే తమ్ముళ్ళకి వాటికి పూర్తిగా తిరగేసింది కావాలనిపించింది. ప్రతి తరంలోనూ ఇంతే!

గుడ్డ మారింది

అసలు పెద్ద మార్పు ప్యాంటు ఆకారంలో రాలేదు, గుడ్డలో వచ్చింది. అంతకుముందు మన ఇళ్ళలో ఎక్కువగా నూలు బట్టలే. వాటిని ఉతకాలి, గంజి పెట్టాలి, ఆరబెట్టాలి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చెయ్యాలి. వేసుకున్న గంటకే నలిగిపోయేవి. కొన్ని రంగులు రెండు ఉతుకులకే వెలిసిపోయేవి.

అప్పుడు నైలాన్, టెర్లిన్, టెరికాటన్ వచ్చాయి. టెర్లిన్ అంటే పాలిస్టరే. 1941లో ఇంగ్లండులో కనిపెట్టారు. టెరికాటన్‌లో సాధారణంగా మూడింట రెండు వంతులు పాలిస్టర్, ఒక వంతు నూలు ఉంటాయి. మామూలు గాలిలో 100 గ్రాముల నూలు సుమారు 8 గ్రాముల తేమ పీల్చుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చుకోదు. అందుకే రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దున్నకి ఆరిపోయేది. మడత నలిగేది కాదు, రంగు పోయేది కాదు. రెండే జతలు ఉన్నవాళ్ళకి ఇది ఎంత సుఖమో ఆలోచించండి.

కష్టాలూ ఉన్నాయి. తేమ పీల్చదు కాబట్టి మే నెల ఎండలో టెర్లిన్ చొక్కా వేసుకుంటే చెమట ఒంటి మీదే నిలిచిపోయేది. నైలాన్‌కి నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. "పొయ్యి దగ్గర నైలాన్ చీర కట్టుకోకు" అని మా అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది.

సినిమా, దర్జీ

1970లలో తెలుగు సినిమాలు నలుపు తెలుపుల నుంచి రంగుల్లోకి మారాయి. తెర మీద రంగు వచ్చాక రంగు బట్టలు కావాలి కదా! 1973లో హిందీ సినిమా 'బాబీ' వచ్చింది. అందులో డింపుల్ కపాడియా వేసుకున్న చుక్కల చొక్కా దేశమంతా పాకింది. మన దగ్గర 1971లో 'ప్రేమనగర్' వచ్చిన నాటి నుంచి వాణిశ్రీ గారి చీరకట్టు, ఎత్తు ముడి చూసి ఆడవాళ్ళు ముచ్చటపడేవారు. జుట్టు చాలకపోతే సవరం పెట్టుకుని మరీ ముడి వేసుకునేవారు. 1977లో 'అడవి రాముడు' వచ్చేనాటికి ఎన్.టి. రామారావు గారికి 53 ఏళ్ళు. ఆ రోజుల్లో ఆయన కూడా బెల్‌బాటంలు, పెద్ద కాలర్ల చొక్కాలు వేసుకుని పాటల్లో గెంతులేశారు. పెద్దాయనే వేసుకుంటే కుర్రాళ్ళు ఆగుతారా?

సినిమాలో చూసినది దుకాణంలో రెడీమేడ్‌గా దొరికేది కాదు. గుడ్డ కొని దర్జీ దగ్గరికి వెళ్ళాలి. దర్జీ టేపుతో కొలతలు తీసుకుని "బాటం ఎంత పెట్టమంటావు?" అని అడిగేవాడు. కుర్రాడు 24 అంగుళాలు అంటే, పక్కనున్న నాన్న 18 చాలనేవాడు. అక్కడే బేరం! అడుగు నేలకి రాసుకుని చిరిగిపోకుండా కొంతమంది అంచు చుట్టూ ఇత్తడి జిప్పు కుట్టించుకునేవారు. "మీవాడు నడిస్తే వీధి ఊడ్చక్కర్లేదు" అని ఊళ్ళో ఎగతాళి చేసేవారు.

ఇంకో సంగతి. చాలా ఇళ్ళలో కొత్తబట్టలు ఏడాదికి ఒకటి రెండు సార్లే. పండక్కి నాన్న ఒకే తాను నుంచి గుడ్డ కోయించి అన్నదమ్ములందరికీ అవే చొక్కాలు కుట్టించేవాడు. పిల్లలు పెరుగుతారని లోపల గుడ్డ మడిచి వదలమనేవాడు. అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడు మొదటి జీతంతో, తనకి నచ్చిన గుడ్డతో, తను చెప్పిన కొలతతో కుట్టించుకున్నది ఆ బెల్‌బాటం. ఫొటోలో తాతయ్య అంత ధీమాగా నిలబడ్డాడంటే కారణం అదే.

కువైట్ నుంచి వెళ్ళిన గుడ్డ

నేనిప్పుడు ఉంటున్న చోటు సబా అల్ సలేం. 1965 నుంచి 1977 చివరి దాకా కువైట్‌ని పాలించిన అమీర్ పేరే ఈ ప్రాంతానికి పెట్టారు. అంటే మన బెల్‌బాటం రోజులే ఆయన రోజులు. 1973లో పీపా సుమారు 3 డాలర్లు ఉన్న ముడి చమురు 1974 మొదటికి 11 డాలర్లు దాటింది. చేతిలో డబ్బు ఆడటంతో గల్ఫ్ దేశాలు రోడ్లు, ఇళ్ళు, ఆసుపత్రులు కట్టుకున్నాయి. పనివాళ్ళు కావలసి వచ్చారు. కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు బయలుదేరారు.

పాలిస్టర్ కూడా చమురు నుంచే తయారవుతుంది. అంటే తాతయ్య ఒంటి మీది మెరిసే చొక్కా, ఆయన తమ్ముడికి కువైట్‌లో దొరికిన ఉద్యోగం, రెండూ చమురు వల్ల వచ్చినవే.

సెలవుకి వెళ్ళేవాళ్ళ పెట్టెల్లో తప్పకుండా ఉండేవి "ఫారిన్ చీర", ప్యాంటు గుడ్డ, సెంటు సీసా. మా అమ్మ దగ్గర అలాంటి నైలాన్ చీర ఒకటి ఇంకా ఉంది. ఆకుపచ్చ మీద నారింజ పువ్వులు. కువైట్ నుంచి మా పెద్ద మామయ్య పంపినది. ఆ చీర కట్టుకుని అమ్మమ్మ, అదే పెట్టెలో వచ్చిన గుడ్డతో కుట్టించిన గౌన్లలో పిల్లలు, స్టూడియోలో ఫొటో దిగారు. అందులో మామయ్య లేడు. ఆ ఫొటో తీయించుకున్నది ఆయనకి పంపడానికే. "నువ్వు పంపినవి మాకు చేరాయి, సరిపోయాయి" అని చెప్పడానికి.

అందుకే పాత ఫొటో చూసేటప్పుడు బట్టలతో పాటు ఇంకొకటి కూడా చూడండి. ఈ ఫొటోలో ఎవరు లేరు? ఎందుకు లేరు? ఆ జవాబు ఫొటోలో కనిపించదు. తెలిసినవాళ్ళని అడగాలి, వాళ్ళ భాషలో అడగాలి. వాళ్ళిప్పుడు డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళు. వాయిదా వెయ్యకండి.

మాటలు నేర్చుకుందాం

ఇంగ్లీషులో అన్నింటికీ 'వేర్' అంటే చాలు. తెలుగులో దేనికి దానికే క్రియ ఉంది:
చొక్కా, ప్యాంటు – వేసుకుంటాం, తొడుక్కుంటాం
చీర, పంచె, వాచీ – కట్టుకుంటాం
బొట్టు, పూలు, కళ్ళజోడు – పెట్టుకుంటాం
శాలువా, దుప్పటి – కప్పుకుంటాం

"చీర వేసుకున్నాను" అని చాలామంది పిల్లలు అంటారు. "చీర కట్టుకున్నాను" అనండి.

కుట్టుకున్నాడు = తనే కుట్టాడు. కుట్టించుకున్నాడు = దర్జీ చేత కుట్టించాడు.
వేసుకున్నారు = ఒకసారి. వేసుకునేవారు = ఆ రోజుల్లో ఎప్పుడూ.

తాను = దుకాణంలో చుట్టి పెట్టిన పొడవైన గుడ్డ. సవరం = ముడి పెద్దదిగా కనబడ్డానికి పెట్టుకునే విడి జుట్టు. ఆది = కొలత కోసం దర్జీకి ఇచ్చే పాత జాకెట్టు లేదా చొక్కా.

ఇంట్లో అడగండి

ఒక పాత ఫొటో తీసుకుని తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చెయ్యండి. ఈ ప్రశ్నలు తెలుగులోనే అడిగి, జవాబులు ఐదారు వాక్యాల్లో రాయండి.
1. తాతయ్యా, ఈ ప్యాంటు ఎక్కడ కుట్టించుకున్నారు? బాటం ఎన్ని అంగుళాలు?
2. గుడ్డ ఎవరు కొన్నారు? ఎంత పడింది?
3. ఇది వేసుకుంటే ఇంట్లో ఎవరైనా తిట్టేవారా?
4. అమ్మమ్మా, ఆ ముడి ఎలా వేసుకునేవారు? సవరం పెట్టుకున్నారా?
5. ఫొటో తీసిన రోజు ఇంట్లో ఎవరు లేరు? అప్పుడు వాళ్ళు ఎక్కడున్నారు?

పెద్దలకి సూచన: పిల్లలు తప్పుగా అడిగినా మధ్యలో ఆపకండి. ఐదో ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు పెద్దవాళ్ళు కాసేపు ఆగితే తొందరపెట్టకండి.