తాడు తెంచుకున్న గ్లైడర్

మండువేసవి మధ్యాహ్నం. పైన ఎక్కడో ఓ గద్ద. రెక్క ఆడించదు, తొందర పడదు. గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూనే చుక్కంత అయిపోతుంది. గ్లైడర్ ఎగిరేదీ అచ్చం అలాగే. కాకపోతే గద్దకు లేని చిక్కు ఒకటి దానికుంది. నేల విడవాలంటే ఎవరో ఒకరు లాగాలి! ఆ చిక్కుని తీర్చేసినవే సెల్ఫ్ లాంచింగ్ గ్లైడర్లు.

ఎండకు నేల వేడెక్కితే దాన్ని ఆనుకుని ఉన్న గాలి తేలికై పైకి లేస్తుంది. దాన్నే 'థర్మల్' అంటారు. గ్లైడర్ నిజానికి ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. అది జారే వేగం కన్నా గాలి లేచే వేగం ఎక్కువైతే గ్లైడరూ గాలితోపాటే పైకి వెళ్తుంది. అలా గంటల తరబడి ఎగరొచ్చు, చుక్క ఇంధనం లేకుండా!

అయితే ఆ థర్మల్ దాకా వెళ్లేదెలా? మామూలు గ్లైడర్‌ని చిన్న విమానానికి తాడుతో కట్టి లాగుతారు. లేదంటే రన్‌వే చివర ఉన్న వించ్ తాడును గిరగిరా చుట్టేస్తుంటే గాలిపటంలా పైకి లేస్తుంది. విమానం, దానికో పైలట్, తాడు తగిలించేవారు, రెక్క పట్టుకునేవారు... ఒక్కరి సరదాకి ఇంతమంది కావాలి. పోనీ పైకి వెళ్లాక గాలి మొహం చాటేస్తే? ఏ పొలంలోనో దిగాలి. రెక్కలు విప్పి ట్రైలర్ మీద తెచ్చుకోవాలి.

గబ్బిలం పుట్టించిన పిట్ట

ఈ బాధలన్నిటికీ విరుగుడుగా వచ్చిన తేలికపాటి గ్లైడర్లలో 'టారస్' ఒకటి. దీన్ని తయారుచేసిన పిపిస్ట్రెల్ సంస్థది ఐరోపాలోని స్లొవేనియా. ఆ పేరుకి గబ్బిలం అని అర్థం. అది యుగొస్లావియాలో భాగంగా ఉన్న రోజుల్లో ఈ సంస్థను మొదలుపెట్టినవాళ్లు త్రికోణాకారపు రెక్కలు కట్టుకుని పొద్దువాలాక ఎగిరేవారట. కింద నుంచి చూసినవాళ్లకి గబ్బిలాల్లా కనిపించేవారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

టారస్‌లో ఇద్దరు పక్కపక్కనే కూర్చోవచ్చు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 15 మీటర్లు. మనుషులతో సహా మొత్తం బరువు కూడా తక్కువే. కిలోమీటరు ఎత్తున ఇంజిను ఆపేస్తే, గాలి నిలకడగా ఉంటే 40 కిలోమీటర్ల దాకా జారుకుంటూ పోగలదు. కాక్‌పిట్ వెనకాల నుంచి ఇంజిను, పంకా పైకి లేస్తాయి. టేకాఫ్ అయి కావలసిన ఎత్తుకి చేరాక మళ్లీ లోపలికి ముడుచుకుంటాయి. పైన తలుపులు మూసుకుంటాయి. ఇక అది అసలు సిసలు గ్లైడరే!

నమ్మితే ముప్పే

ఇంజిను ఉంది కదా అని ధీమాగా ఉంటే మాత్రం ప్రమాదమే. చల్లటి గాలిలో గంటల తరబడి ఆపి ఉంచిన ఇంజిను అవసరానికి మొరాయించవచ్చు. పైగా అప్పటికే బయటికి లేచి ఉన్న ఇంజిను గాలికి అడ్డుపడుతుంది. దాంతో గ్లైడర్ మరింత వేగంగా కిందికి జారిపోతుంది. కాపాడుతుందనుకున్నదే కిందికి గుంజుతుందన్నమాట. అందుకే అనుభవజ్ఞులు ఓ నియమం పాటిస్తారు. ముందు దిగడానికి వీలైన పొలం చూసుకోవాలి. ఆ తర్వాతే, చాలినంత ఎత్తు ఉండగానే ఇంజిను మీట నొక్కాలి. అది పనిచేస్తే అదృష్టం, లేకపోతే పొలం సిద్ధంగా ఉంటుంది!

ఈ భయాన్ని చాలావరకు తగ్గించింది విద్యుత్ మోటారు. మీట తిప్పగానే తిరుగుతుంది, పెద్దగా చప్పుడూ ఉండదు. 2007లో ఎగిరిన 'టారస్ ఎలక్ట్రో' బ్యాటరీలతోనే పైకి లేచింది. ఇటలీవారి 'సైలెంట్ 2 ఎలక్ట్రో'ది మరో పద్ధతి. ఈ ఒంటరి సీటు గ్లైడర్‌లో మోటారు ముక్కులోనే ఉంటుంది. మోటారు ఆగగానే పంకా రెక్కలు ముక్కుకి అతుక్కున్నట్టు వెనక్కి ముడుచుకుంటాయి. లేపాల్సిన పనే లేదు కాబట్టి అడ్డుపడే బాధా తక్కువే. అయితే బ్యాటరీలో ఉండే శక్తి కొంతే. దాన్ని పైకి లేవడానికే ఖర్చుచేసేస్తే తిరుగు ప్రయాణానికి మిగలదు. కాబట్టి పొలం చూసుకోక ఇక్కడా తప్పదు.

రెండు కలిస్తే...

2011లో అమెరికాలో నాసా ఓ పోటీ పెట్టింది. రెండు గంటల్లోపు 200 మైళ్లు ఎగరాలి. అదీ మనిషికి గ్యాలన్ పెట్రోలుకి సమానమైన శక్తి కూడా ఖర్చవకుండా! పిపిస్ట్రెల్ రెండు టారస్‌లను జంటగా కలిపి మధ్యలో విద్యుత్ మోటారు బిగించింది. 'టారస్ జి4' అనే ఆ నాలుగు సీట్ల విమానం 13.5 లక్షల డాలర్ల బహుమతి ఎగరేసుకుపోయింది.

ఈ గబ్బిలానికి మనతోనూ చుట్టరికం ఉంది. వాయుసేన, నౌకాదళం, ఎన్‌సీసీల కోసం 194 తేలికపాటి విమానాలకు మనదేశం 2015లో ఈ సంస్థతోనే ఒప్పందం చేసుకుంది. వాటికి పెట్టిన పేరు 'గరుడ్'. అవి గ్లైడర్లు కావు. అయినా తక్కువ బరువు అన్న కిటుకు మాత్రం ఒక్కటే.

తాడు పోయింది, లాగే విమానం పోయింది, సాయం పట్టేవాళ్ల కోసం ఎదురుచూపులూ పోయాయి. పోనిది ఒక్కటే... గాలిని చదవడం. ఇంజిను ఆకాశం దాకా తీసుకెళ్తుంది, అంతే. అక్కడ నిలబడాలంటే మాత్రం పైలట్ ఇప్పటికీ గద్ద దగ్గరే పాఠాలు నేర్చుకోవాలి!