చేనిలోని జీవులు, వాని పరిసరములు

సభ్యులగు రైతు సోదరులకొక ప్రశ్న. మీ పత్తి చేనిలో నివసించునవి ఏవి? పత్తి మొక్క, దానిని తినెడి పురుగు అని చెప్పి ఊరకుండుట వాడుక. కాని ఆ పురుగును తినెడి అక్షింతల పురుగు, ఆకుల నడుమ పొంచియుండు సాలీడు, పురుగు గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టెడి సూక్ష్మమైన కందిరీగ, గట్టుమీది పక్షి, నల్లరేగడిలోని వానపాము, ఇవన్నియు ఆ చేని కాపురస్థులే. ఏ జీవియు ఒంటరిగా బ్రతుకదు. దాని ఆహారము, దాని శత్రువులు, గాలి, నీరు, ఎండ, నేల, వీనినన్నిటిని కలిపి దాని పరిసరమందుము. పురుగు పెరుగుటయు తరుగుటయు ఆ పరిసరమును బట్టియే యుండును.

ఈ సూత్రమును మన ప్రాంతము మిక్కిలి వెల యిచ్చి నేర్చుకొన్నది. 1980 తరువాతి యేండ్లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో కాయతొలుచు పురుగులకై పైరిత్రాయిడ్ మందులను మరల మరల చల్లిరి. తొలుత ఫలితము బాగుగనే యుండెను. కాని 1984-85 మొదలుకొని తెల్లదోమ విజృంభించెను. ఇది ఆకు అడుగున నుండి రసము పీల్చును. మందు అచటికి సరిగా చేరదు. దానిని అదుపులో నుంచెడి మిత్రపురుగులు మాత్రము మందునకు చచ్చును. శత్రువు లేని దోమకు అడ్డేమున్నది?

పిమ్మట 1987-88లో శనగపచ్చ పురుగు వంతు వచ్చెను. వేయి పురుగులపై మందు పడగా పది మాత్రము సహజబలముచే మిగిలినవనుకొందము. మరుతరమునకు తల్లిదండ్రులు ఆ పదియే. ఒక్కొక్క ఆడుది వందలకొలది గ్రుడ్లు పెట్టును. ఒక తరము ముగియుటకు నెలకు కొంచెము మించిన కాలము చాలును. ఇట్లు కొన్ని తరములలో చేనంతయు మందునకు చావని పురుగే నిండును. ఆ యేడు మందు చల్లినకొలది అప్పు పెరిగెనే కాని పురుగు తగ్గలేదు. అప్పుల బాధకు తాళలేక పత్తి రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖము మరువదగినది కాదు.

2021లో మిరప తోటలకు ఇట్టి కష్టమే కలిగెను. ఆగ్నేయాసియా నుండి వచ్చిన నల్ల తామరపురుగు పూవులలో దాగి పూత రాల్చెను. క్రొత్తచోట దానికి ఆహారము సమృద్ధిగా దొరకెను; అదుపు చేయునంతటి శత్రువులు లేకపోయెను. విచ్చలవిడిగా మందులు చల్లినచోట ఉన్న కొలది మిత్రపురుగులును నశించెను.

కావున మందు కొనబోవుటకు ముందు చేనిలో నడచి, ఆకు త్రిప్పి, పూవు విప్పి చూడుడు. హాని చేయు పురుగులతోపాటు మిత్రపురుగులను గూడ లెక్కింపుడు. చేని చుట్టు జొన్న వరుసలు వేయుడు. లింగాకర్షక బుట్టలు, వేపగింజల కషాయము ముందు వాడుడు. మందు తప్పనిసరియైనచో ఒకే జాతి మందును వరుసగా చల్లకుడు.

ఒక్క మాట. పురుగునకు గట్టు అడ్డము కాదు. ఒక రైతు కాపాడిన మిత్రపురుగు పొరుగువాని చేనిలో చచ్చినచో ఇరువురికిని నష్టమే. అందుచే ఈ పని ఊరి సభ్యులందరు కూడి చేయవలసినది. సంఘమున్నది అందులకే గదా!