ఊఁ కొట్టే మనవలుంటే అవ్వ కథ ఆగదు

హోసూరు: ఇంట్లో తెలుగు... బడిలో తమిళం, ఆంగ్లం. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లల సంగతి ఇదే. అవ్వతో గలగలా మాట్లాడతారు. అదే మాట కాగితంమీద పెట్టమంటే తెల్లమొహం వేస్తారు. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరైంది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకింది. పరీక్షలో మినహాయింపు కోసం తెలుగువారు కోర్టు మెట్లెక్కారు కూడా. బరంపురంలో ఒడియా, బళ్లారిలో కన్నడ... పేరు మారినా సరిహద్దు ఇళ్ల బాధ ఒకటే.

మరి అవ్వ చెప్పే కథల్ని రాసిపెట్టేదెవరు? రాయనక్కర్లేదు, చెప్పించి దాచుకుంటే చాలు అంటోంది పాడ్‌కాస్ట్. రేడియో కార్యక్రమం లాంటిదే ఇది. కాకపోతే స్టేషను అవసరం లేదు. మాటలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడితే ఎవరికి తీరినప్పుడు వారు వింటారు. 2004లో బ్రిటన్ పత్రిక గార్డియన్‌లో బెన్ హామర్‌స్లీ రాసిన వ్యాసంతో ఈ పేరు పుట్టింది. లిపి రాని పిల్లలకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఏనుగు కథకు బహుమతి

అమెరికాలో ఎన్‌పీఆర్ రేడియో 2019లో బడి పిల్లలకు తొలిసారి పాడ్‌కాస్ట్ పోటీ పెట్టింది. హైస్కూలు విభాగంలో గెలిచింది టెన్నెసీ రాష్ట్రంలోని ఎలిజబెత్టన్ పిల్లలు. వాళ్లు ఎంచుకున్నది పక్క ఊరి కథే. 1916లో ఎర్విన్ అనే ఊళ్లో మేరీ అనే సర్కస్ ఏనుగును, మనిషిని చంపిందని, రైల్వే క్రేనుకు ఉరి తీశారు. ఆ మచ్చను చెరుపుకోవడానికి ఊరు ఇప్పుడేం చేస్తోందో అక్కడివారినే అడిగి వినిపించారు. మన పల్లెల్లో ఇలాంటి కథలకు కరువా? కరువేడు తిన్న తిండి, ఊరు విడిచొచ్చిన దారి, ఇలవేల్పు ఆంధ్రాలోనే ఉండిపోయిన కారణం... అడగాలే గానీ ప్రతి ఇంటా ఒకటుంటుంది.

కథ నిలిచింది... తమిళంలో

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి.రాజనారాయణన్‌ది తెలుగు ఇల్లే. తెలుగువారు దక్షిణానికి వలస వచ్చిన వైనాన్ని 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. అందులో ఆ కథ చెప్పేది వందేళ్లు దాటిన ముసలవ్వ మంగత్తాయారు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన 2021లో కన్నుమూశారు. తెలుగు ఇళ్ల కథ నేడు తమిళ సాహిత్యానికి సొత్తు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అవ్వ పలికిన తెలుగు మాత్రం ఆ పుటల్లో వినిపించదు. పులికాట్ ఒడ్డు పల్లెల యాసను స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో తెలుగులోనే నిలబెట్టారు గానీ, అలా రాయగలవారు ఎందరున్నారు?

ఫోను ఊఁ కొట్టదు

మన కథకు ఊఁ కొట్టేవారుండాలి. కొట్టడం ఆగితే, ‘నిద్రపోయినావా?’ అని అవ్వ కూడా ఆపేస్తుంది. ఫోను బల్లమీద పెట్టి ‘చెప్పవ్వా’ అని పక్కకెళితే రెండు ముక్కల్లో ముగించేస్తుంది. మనవడు ఎదురుగా కూర్చోవాలి. మధ్యలో ‘అప్పుడేమైంది?’ అనాలి. ఆ ఊఁ రికార్డులో పడితే తీసేయక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. మైకు అనగానే పెద్దవాళ్లు ‘మంచి తెలుగు’లోకి మారిపోతారు. ‘ఉండాది’ అనేవారు ‘ఉంది’ అంటారు. మొదటి పది నిమిషాలు పంటలు, పశువుల ముచ్చట్లు పెడితే అసలు యాస తానే బయటికొస్తుంది. ఫ్యాను ఆపి, ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెడితే చాలు, స్టూడియో హంగులక్కర్లేదు.

అన్ని కథలూ లోకానికి కాదు. భూమి తగాదాలు, పెళ్లి గొడవలు, కులం మాటలు కూడా కథల్లో దొర్లుతాయి. నెట్‌లో పెట్టేముందు చెప్పినవారికి మొత్తం వినిపించి, వద్దన్నది తీసేయడం న్యాయం. తీసేసింది ఇంట్లో దాచుకోవచ్చు. ఫోను పోతే కథా పోతుంది గనుక పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి, బంధువుల ఇంట మరొకటి ఉంచాలి. అవ్వ పేరు, పుట్టిల్లు, రికార్డు చేసిన తేదీ మొదటే ఆమె నోటితోనే చెప్పించాలి.