వార్తల్లో పదం: సోషల్ డ్రిఫ్ట్

స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్న రోగులు పేదవాడల్లో ఎక్కువని 1939లో షికాగోను పరిశీలించిన ఫారిస్, డన్‌హామ్ చూపారు. పేదరికం జబ్బు తెస్తోందా, జబ్బే పేదరికం తెస్తోందా? 1963లో ఇంగ్లండ్, వేల్స్ రోగుల తండ్రుల వృత్తులను గోల్డ్‌బర్గ్, మారిసన్ పరిశీలించారు. అవి మిగతా జనం వృత్తుల్లాగే ఉన్నాయి. కొడుకులే కిందికి జారారు. ఈ జారుడే సోషల్ డ్రిఫ్ట్. బాల్యంలో పడ్డ కష్టాలు, వలసలు, పట్టణ జీవితం జబ్బు ముప్పును పెంచుతాయన్నదీ నిజమే.

మగవాళ్లలో స్కిజోఫ్రీనియా తరచూ ఇరవై ఏళ్ల అటూఇటూ మొదలవుతుంది. సరిగ్గా డిగ్రీ, తొలి ఉద్యోగం, పెళ్లి మాటల వయసు! ఆడవాళ్లలో కాస్త ఆలస్యంగా, చాలాసార్లు పెళ్లయ్యాక బయటపడుతుంది. అప్పుడు పుట్టింటికి పంపేయడం మన దగ్గర కొత్త కాదు. ఇది జబ్బు చేసే నష్టం కాదు, మనం చేసే అన్యాయం.

చికిత్స ఆలస్యమైనా నష్టమే. ఉదాహరణకు విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే హనుమాన్ జంక్షన్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి బస్సులకు లోటు లేదు. విజయవాడ నలభై కిలోమీటర్లే. అయినా గాలి సోకిందంటూ తాయెత్తులతో నెలలు గడిపేస్తే జారుడు అక్కడే మొదలవుతుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్ర మానసిక రోగుల్లో నలుగురిలో ముగ్గురికి చికిత్స అందడం లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధినీ వైకల్యంగా గుర్తించింది. ఇంట్లో ఎవరికైనా లేని మాటలు వినిపిస్తుంటే ఆలస్యం చేయకండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు.