డాల్ఫిన్ జీర్ణాశయంలోని సాక్ష్యం: ఆహారావశేషాల గుర్తింపు

వలలో పడిన చేపలను డాల్ఫిన్లు కొరికి పోతున్నాయని, గుంపులను చెదరగొడుతున్నాయని మత్స్యకారులు చేసే ఫిర్యాదు తీరప్రాంతాలలో తరచుగా వినబడేదే. నెల్లూరు తీరంలో మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వంటి చోట్ల పనిచేసే విస్తరణ శాస్త్రవేత్త ఈ ప్రశ్నకు ఏదో ఒక నాడు సమాధానం చెప్పవలసి వస్తుంది. డాల్ఫిన్ ఏ చేపను, ఏ పరిమాణంలో తింటున్నదో తెలియనిదే ఆ ఫిర్యాదులో నిజమెంతో తేలదు. నీటి అడుగున సాగే వేటను కంటితో చూసి లెక్కించడం సాధ్యం కాదు. అందువల్ల ఒడ్డుకు కొట్టుకువచ్చిన, లేదా వలలో చిక్కి మరణించిన జంతువు జీర్ణాశయమే చిరకాలంగా ప్రధాన ఆధారమైంది. అయితే ఈ సాక్షి ఉన్నదంతా చెప్పదు. చెప్పినదానిని సరిచూసుకోకుండా నమ్మరాదు.

డాల్ఫిన్లు, తిమింగలాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. కళేబరాన్ని తాకాలన్నా, అవయవాలను సేకరించాలన్నా అటవీశాఖ అనుమతి తప్పనిసరి. వ్యాధికారక సూక్ష్మజీవుల ముప్పు ఉన్నందున చేతి తొడుగులు లేకుండా పరీక్షకు పూనుకోరాదు.

డాల్ఫిన్ ఆహారాన్ని నమలదు, మింగుతుంది. మింగినది ముందుగా పూర్వ జీర్ణాశయానికి చేరుతుంది. దీని గోడలో జీర్ణరస గ్రంథులు లేవు. ప్రధాన జీర్ణాశయం నుంచి వెనక్కు పొంగివచ్చే రసమే ఇక్కడ పనిచేస్తుంది. గుర్తించదగిన అవశేషాలు ఎక్కువగా ఈ గదిలోనే లభిస్తాయి. ప్రతి గదినీ రెండు చివరలా కట్టి, విడివిడిగా కోసి, లోపలి పదార్థాన్ని సన్నని జల్లెడపై మెల్లగా కడగాలి. అర మిల్లీమీటరు కన్నుల జల్లెడ అయితే చిన్న అవశేషాలు జారిపోవు.

జల్లెడపై మిగిలేవాటిలో అతి విలువైనవి ఓటోలిత్‌లు, అంటే చేప లోపలి చెవిలోని కర్ణశిలలు. ఎముక చేపలలో ఇవి మూడు జతలు: సజిట్టా, లాపిల్లస్, ఆస్టరిస్కస్. చాలా జాతులలో సజిట్టాయే పెద్దది. కాని సముద్రపు జెల్లలలో లాపిల్లస్ పెద్దది. ఈ తేడా తెలియని విద్యార్థి జెల్ల కర్ణశిలను మరో కుటుంబానికి అంటగట్టే ప్రమాదం ఉంది. గొరసల కర్ణశిల మందంగా ఉండి, లోపలి ముఖంపై తోకకప్పను పోలిన గుర్తు కనిపిస్తుంది. ఒకసారి చూసినవారు దానిని మరువరు. కవళ్ళు, నెత్తళ్ళ కర్ణశిలలు చిన్నవి, పలుచనివి. దగ్గరి జాతుల మధ్య వీటి ఆకారం ఎంతగా కలుస్తుందంటే, చాలాసార్లు ప్రజాతి వరకే చెప్పి ఆగడం నిజాయితీ అనిపించుకుంటుంది.

కర్ణశిల కాల్షియం కార్బొనేటుతో ఏర్పడినది, ఆమ్లంలో కరుగుతుంది. జీర్ణాశయంలో జరిగేది అదే. సీసాలోనూ అదే జరగవచ్చు: ఆమ్లగుణం గల ఫార్మలిన్‌లో నిలువ ఉంచితే సాక్ష్యం మన చేతుల్లోనే కరిగిపోతుంది. 70 శాతం ఆల్కహాలులో ఉంచడం, లేదా శుభ్రపరచి ఆరబెట్టి దాచడం సరైన పద్ధతి.

స్క్విడ్, కటిల్‌ఫిష్, ఆక్టోపస్‌ల ముక్కులు ఇందుకు భిన్నం. కైటిన్‌తో ఏర్పడిన ఇవి సులభంగా జీర్ణం కావు, రోజుల తరబడి పేరుకుంటాయి. గుర్తింపుకు క్రింది ముక్కు ముఖ్యం. మాల్కమ్ క్లార్క్ సంపాదకత్వంలో 1986లో వెలువడిన కరదీపిక నేటికీ ఈ పనికి ఆధారం. సావడాయిని కొక్కెంలా వంగిన కోరపళ్ళు పట్టిస్తాయి. రొయ్యను తలముందరి ముల్లుపై పళ్ళ అమరిక పట్టిస్తుంది.

లెక్కింపులో కుడి, ఎడమ కర్ణశిలలను వేరు చేయాలి. ఒకే జాతివి ఎడమవి 14, కుడివి 11 దొరికితే, తిన్న చేపలు కనీసం 14 అని లెక్క. కర్ణశిల పొడవు నుంచి చేప పొడవును అంచనా కట్టే సమీకరణాలు ఉన్నాయి. అరిగిన కర్ణశిలను కొలిస్తే మాత్రం చేప చిన్నదిగా తేలుతుంది. కనుక అరుగుదల స్థాయిని నమోదు చేసి, బాగా అరిగినవాటిని కొలతలనుంచి తప్పించాలి.

ఇక సాక్షి పక్షపాతం సంగతి. నెత్తళ్ళు త్వరగా కరిగిపోతాయి, గొరస నిలుస్తుంది, స్క్విడ్ ముక్కు పేరుకుంటుంది. కేవలం దొరికినవాటిని లెక్కపెడితే డాల్ఫిన్ స్క్విడ్‌లనే ఇష్టపడుతుందన్న తప్పు నిర్ణయానికి రావచ్చు. వలలో చిక్కి చనిపోయిన జంతువు గొంతులోని తాజా చేప ఆ వలలోదే కావచ్చు. దానినిబట్టి నిత్యాహారాన్ని నిర్ణయించరాదు. జబ్బుపడి ఒడ్డుకు చేరినదాని కడుపు ఖాళీగా ఉండవచ్చు. చిన్న రొయ్య డాల్ఫిన్ తిన్నదో, డాల్ఫిన్ తిన్న చేప తిన్నదో కూడా విచారించవలసినదే.

జీర్ణాశయ పరీక్షతో ఆగక, కొవ్వు ఆమ్లాల కూర్పును కూడా పరిశీలించవచ్చు. కొవ్వు చివరి భోజనాన్ని కాక, అంతకు ముందు వారాల ఆహారాన్ని సూచిస్తుంది. డీఎన్ఏ పరీక్ష మెత్తని మాంసపు ముద్ద ఏ జాతిదో చెప్పగలదు, కాని చేప పరిమాణాన్ని చెప్పలేదు. మత్స్యకారుని ప్రశ్నకు పరిమాణమే కీలకం: వల కన్నుల నుంచి జారిపోయే చిన్న చేపలనే డాల్ఫిన్ తింటుంటే పోటీ ఒక రకం, అమ్మకానికి వచ్చే పరిమాణాన్నే తింటుంటే మరో రకం. ఈ తేడాను నేరుగా చూపగలిగేది కర్ణశిలే.

అయితే పోల్చి చూడడానికి స్థానిక నమూనాలు కావాలి. ఇతర సముద్రాల చేపలపై కట్టిన సమీకరణం ఇక్కడి గొరసకు సరిపోకపోవచ్చు. ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలకు కృష్ణపట్నం తీరం దగ్గరే. రేవుకు వచ్చే ప్రతి జాతిలో చిన్నా పెద్దా చేపలను కొని, పొడవు, బరువు, లింగం, తేదీ, రేవు పేరు రాసి, రెండు చెవుల కర్ణశిలలనూ తీసి దాచడం విద్యార్థులు చేయగల పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి సేకరణను మిగతా నెలలకు పంచుకోవాలి. తల తీసేసి అమ్మే రకాలకు వేలం ముగియకముందే రేవు చేరుకోవాలి. తలతోపాటే కర్ణశిలా పోతుంది.